మిరుగం దాకా

ప్రేమ్‌సాగర్ ఆ ఊళ్లో బండి ఆపి అడిగిన మొదటి మాట, గుట్టకింది పొలం బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారని. హోటల్ ముందు కూర్చున్నవాళ్లంతా ఒకే ఇల్లు చూపించారు. అది సుమిత్రమ్మ ఇల్లు.

వాళ్లు చూపించడంలో తప్పేమీ లేదు. మోమిన్‌పేట నుంచి లోపలికి పోయే దారిలో ఉన్న ఆ పద్నాలుగెకరాలు ఇరవై ఏళ్లుగా పడావు పడి ఉన్నాయి. ఎప్పుడో కొన్న తాండూరు పప్పుమిల్లు సేటు ఆ తర్వాత అటు తొంగి చూడలేదు. సర్కారు తుమ్మ, రేగు, పరికికంప ఒకదాన్నొకటి అల్లుకుపోయి, మనిషి వంగి కూడా నడవలేనంతగా పెరిగాయి. అందులోకి దూరగలిగినవి సుమిత్రమ్మ మేకలు నలభై, వాటి వెనక సుమిత్రమ్మ. ఎండాకాలంలో ఊరిచుట్టూ పచ్చని రెమ్మ లేనప్పుడు తుమ్మకాయలు పసుపుపచ్చగా పండి నేల రాలేవి. ఆ కాయలే మేకల్ని తొలకరి దాకా బతికించేవి. భర్త బిచ్చయ్య పోయాక పదకొండేళ్లుగా ఆమె ఎండాకాలాలన్నీ ఆ కంపలోనే గడిచాయి.

ప్రేమ్‌సాగర్ వికారాబాద్ మనిషి. కంప కొట్టే మిషన్ ఒకటి కొని ఊరూరా తిప్పుతున్నాడు. గడప ముందు నిలబడి ఓపిగ్గానే చెప్పాడు.

"జేసీబీ పెట్టి పీకితే పై మట్టంత పోతదమ్మ. పీకిన కంప కుప్పలేసి కాలవెట్టాలె. మా మిషన్ గట్ల గాదు. చెట్టు నిలవడ్డకాడనే నమిలి పొట్టు జేసి భూమి మీదనే పరుస్తది. వానకు ఆ పొట్టు మురిగి ఎరువైతది. సేటు మిరుగం కార్తెకు, తొలి వానకు కంది ఏస్తడట. లోపట బాయిలు, బండలు, ఇనుము ఏడున్నయో చూపెట్టే మనిషి గావాలె, అంతే. పది పన్నెండు దినాల పని."

సుమిత్రమ్మ అంతా విన్నది. "నాకేం తెల్వదు" అని మేకల దొడ్డిలోకి వెళ్లిపోయింది.

ద్వారబంధం దగ్గర నిలబడిన కూతురు నాగరాణి అప్పుడు అన్నది. "నాకెరుకే సార్. చిన్నప్పటి సంది తిరిగిన. నేను చూపెడ్త."

నాగరాణికి ఇరవై తొమ్మిదేళ్లు. ఇంటర్ చదివింది. ఆరేళ్లు వికారాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేసింది. మూడు నెలల కింద ఆ దుకాణం మూసేశారు. అప్పటినుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. పొద్దున ఏడున్నర బస్సు హారన్ వినబడితే పని లేకపోయినా లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చేది. భర్త మల్లేశ్వర్ మోమిన్‌పేట, వికారాబాద్ మధ్య ఆటో నడుపుతాడు. "జర నెమ్మదిగ కూసో రాదు" అని అతను నవ్వుతూ అన్నా ఆమెకు కోపం వచ్చేది.

 ఆ సాయంత్రం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ సుమిత్రమ్మ ఒక్కమాట అన్నది.

"నీకెట్లెరుక? నా కొంగు వట్టుకొని తిరుగుడు వట్టే గదా ఎరుకాయె."

నాగరాణి కడిగిన గిన్నెలు మళ్లీ ముందు వేసుకుంది.

*

మిషన్ మంగళవారం లారీ మీద వచ్చింది. జేసీబీ కంటే పొట్టిగా, ఇనుప పట్టాల మీద పాకుతూ కదిలేది. ముందు భాగంలో అడ్డంగా పెద్ద డ్రమ్ము, దాని నిండా ఇనుప పండ్లు. దాన్ని నడిపే యాకోబుది యాలాల్ దగ్గర పల్లె. నలభై అయిదేళ్లుంటాయి. పాతికేళ్లు తాండూరు బండల గనుల్లో రాయి కోశాడు.

"దుమ్ము వద్దన్నడు చెల్లె డాక్టరు. ఊపిరితిత్తులు సగం రాయే అయినయట. గిప్పుడు అద్దాల లోపట కూసుంట" అన్నాడు ఛాతీ మీద చెయ్యి వేసి.

పని మొదలయ్యే ముందు అతనూ నాగరాణీ రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఎర్రగుడ్డ కట్టిన చెట్టును యాకోబు ముట్టడు. నాలుగు కర్రలు పాతి, నాలుగింటికీ ఎర్రగుడ్డ కట్టి ఉంటే అక్కడ ప్రమాదం ఉన్నట్టు. అటువైపు మిషన్ పోదు.

"ఇంకోటి. డ్రమ్ము తిరుగుతున్నప్పుడు ముంగట ఎవ్వరు రావద్దు. నూరు గజాల దాంక చెక్కలు తూటల లెక్క ఎగురుతయ్. నేను ఆపినా అది వెంటనే ఆగది. తిరిగీ తిరిగీ దానంతట అది ఆగాలె."

నాగరాణి పాత ఎర్రచీర ఒకటి చించి పేలికలు చేసింది. కొడవలి పట్టుకుని మిషన్ కంటే ముందే రోజున్నర తిరిగింది. రెండు వేపలు, ఒక ఇప్ప, మూడు మోదుగలు, ఒడ్డు మీది సీతాఫలం చెట్లు కలిపి పదిహేడింటికి గుడ్డ కట్టింది. దిగువన మోటబావి ఉంది. దానికి గోడ లేదు, గట్టు లేదు. ఆమెకు పదేళ్లప్పుడు ఒక మేకపిల్ల అందులో పడితే తండ్రి మోకు వేసుకుని దిగి తెచ్చాడు. ఇప్పుడు కంప నలువైపులా నుంచి వాలి బావి నోటిని పూర్తిగా మూసేసింది. పక్కన మోదుగచెట్టు లేకపోతే ఆమే గుర్తుపట్టేది కాదు. చేతులు గీరుకుపోతుండగా దారి కొట్టుకుంటూ వెళ్లి, నాలుగు మూలలా కర్రలు పాతి, అన్నిటికంటే పొడుగు పేలికలు వాటికే కట్టింది.

గురువారం డ్రమ్ము తిరిగింది. ఆ మోతకు ఊరి కుక్కలన్నీ ఒక్కసారి అరిచి మానేశాయి. మిషన్ ఒక తుమ్మచెట్టు నడుముకు డ్రమ్ము ఆనించి కిందికి ఒరిగేది. చెట్టు వణికేది, పగిలేది, చూస్తుండగానే పొట్టయి పడేది. మిషన్ వెనక నేల మీద పచ్చి చెక్కవాసనతో తడితడిగా ఒక పరుపు మిగిలేది. చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. ముందు నుంచి కౌజుపిట్టలు గుంపుగా లేచాయి. ఒక కుందేలు దారి తప్పి నాగరాణి కాళ్ల దగ్గర దాకా వచ్చి తిరిగి ఉరికింది.

శనివారానికి ఆరెకరాలు తేటపడ్డాయి. అక్కడ నిలబడితే ఊరి నీళ్ల ట్యాంకు, బడి, తమ ఇంటి రేకులు కనబడ్డాయి. ఆ చోటు నుంచి తమ ఇంటిని నాగరాణి జన్మలో చూడలేదు. ఆమెకు గర్వంగా అనిపించింది. అట్లా అనిపించినందుకు సిగ్గుపడి చూపు తిప్పుకుంది. ఒడ్డు మీద తల్లి మేకల్ని మలుపుకుని నిలబడి ఉంది. మేకలు కొత్తగా పరిచిన పొట్టును వాసన చూసి, తుమ్మి, పక్కకు తప్పుకుంటున్నాయి.

ఆ సాయంత్రం సుమిత్రమ్మ తనంతట తానే మాట కలిపింది.

"మిరుగం దాంక ఆగుమను బిడ్డా. ఇంకో పదిహేను దినాలు. వాన వడితే గడ్డి మొలుస్తది, నేను ఆ దిక్కే చూడ. గిప్పుడు కొట్టేస్తే ఏం బెట్టాలె వీటికి?"

నాగరాణి అప్పుడే ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది. అతను సేటునడిగి పావుగంటలో చెప్పాడు. మిరుగానికి విత్తనం పడాలి కాబట్టి ఆగేది లేదట. ఆమె ఫోన్ పెట్టేసి తల్లి ముఖం చూడలేక దొడ్డిలోకి, ఇంట్లోకి రెండు మూడుసార్లు తిరిగింది. ఏదో ఒకటి చెప్పాలనిపించి అన్నది.

"అంతా పోతదని ఫికర్ జేయకవ్వా. యాకోబన్న మంచోడే. ఎర్రగుడ్డ గట్టిన చెట్టు జోలికి పోడు. ఇప్పచెట్టు, మోదుగలు, సీతాఫలాలు అన్నీ ఉంటయ్."

"సీతాఫలం మేక ముట్టదు" అన్నది సుమిత్రమ్మ. కాసేపయ్యాక, "గుడ్డ గడితే ముట్టడా?" అని అడిగింది.

"ముట్టడు."

*

ఆదివారం యాకోబు పని చేయడు. చర్చికని శనివారం రాత్రికే ఊరికి పోయాడు. మిషన్ పొలం మధ్య ఊరికే నిలబడి ఉంది. ఆ రోజు సుమిత్రమ్మ తెల్లవారకముందే మేకల్ని తోలుకుపోయి పొద్దు గూకినాక వచ్చింది. మోచేతుల దాకా ముళ్లు గీరిన గీతలు. నాగరాణి పసుపు తెచ్చి రాయబోతే చెయ్యి లాక్కుంది.

సోమవారం పొద్దున యాకోబు మిషన్ ఎక్కబోయి ఆగాడు.

"చెల్లె, గివేంది? గిన్ని చెట్లా?"

గుట్ట పక్కన, ఇంకా కొట్టని ఎగువ భాగంలో, వరసగా తుమ్మచెట్లకు ఎర్రగుడ్డలు వేలాడుతున్నాయి. ముప్పైకి పైనే ఉంటాయి. నాగరాణి దగ్గరికి వెళ్లి ఒక ముడిని పట్టుకు చూసింది. మేకపిల్ల మెడకు తాడు కట్టేటప్పుడు, లాగినా బిగుసుకోకుండా వేసే ముడి అది. ఆ ముడి ఎవరిదో ఆమె ఒకరిని అడగక్కర్లేదు.

పక్కనే యాకోబు నిలబడి ఆమె ముఖమే చూస్తున్నాడు. అవ్వ పని అని చెబితే ప్రేమ్‌సాగర్ వరకు పోతుంది, ఊళ్లో నలుగురూ నవ్వుతారు. చెప్పకపోతే తుమ్మలు ఇంకొన్ని రోజులు నిలుస్తాయి. ఆలోచన అంత దూరం కూడా పోలేదు, నోటి నుంచి మాట వచ్చేసింది.

"నేనే కట్టిన అన్నా. సేటు చెప్పిండట, ఆ వరస ఇప్పుడే వద్దని. తర్వాత చూద్దామన్నడు."

యాకోబు తల గోక్కున్నాడు. "తుమ్మను ఉంచుమన్నడా? సరే తియ్. సేట్ల ముచ్చట్లు మనకేమెరుక."

పేలికలు అన్ని ఎక్కడివన్న ప్రశ్న ఆమెకు రాకపోలేదు. ఇంట్లో అవ్వ పాత ఎర్రచీర ఇంకొకటి ఉందిలే అనుకున్నది. అంతకుమించి అనుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

పదకొండింటికి మిషన్ పండ్లు రెండు విరిగాయి. ప్రేమ్‌సాగర్ ఫోన్ చేసి, కొత్తవి వికారాబాద్ బస్సులో పంపిస్తున్నా, మోమిన్‌పేటలో దించుకోమన్నాడు. మల్లేశ్వర్ ఆటో అటే పోతుంటే ఆమె ఎక్కింది. వెళ్లేముందు యాకోబు అడిగాడు.

"రెండు పండ్లు లేకున్న నడుస్తది. నువ్వొచ్చే దాంక నేను జర కొడ్తుంట. బాయి కాడ కర్రలున్నయి గదా?"

"ఉన్నయన్నా. నాలుగు. పొడుగు గుడ్డలు."

బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని తిరుగు ఆటోలో కూర్చుంది.  "ఇంకా జల్దీ పోరాదు" అని మల్లేశ్వర్ వీపు మీద రెండుసార్లు తట్టింది.

పొలం ఒడ్డు దగ్గర ఆటో దిగి చూస్తే మిషన్ ఎగువన లేదు. దిగువన ఉంది.

ఆమెకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎగువ వరస వదిలేయమని తనే చెప్పింది. పని లేక అతను ఒకరోజు ముందే దిగువకు మళ్లాడు. నాగరాణి కళ్లు మోదుగచెట్టును వెతికాయి. చెట్టు కనబడింది. దాని పక్కన ఎర్రగా ఏమీ కనబడలేదు. నాలుగు కర్రలు ఎండుకొమ్మల్లా ఉత్తగా నిలబడి ఉన్నాయి. మిషన్ వాటికి ముప్పై అడుగుల దూరంలో కంపను నములుకుంటూ ముందుకు జరుగుతోంది.

"అన్నా! ఆపు! యాకోబన్నా!"

ఆ మోతలో ఆమె అరుపు ఆమెకే వినబడలేదు. పెట్టె కింద పడేసి ఉరికింది. సగం దూరం పోకముందే ఎదురుదిక్కు నుంచి, మిషన్ ముందు నుంచి, తల్లి వస్తూ కనబడింది. కొంగు జారిపోయి, రెండు చేతులూ ఊపుకుంటూ, కంపలో నుంచి పడుతూ లేస్తూ సుమిత్రమ్మ ఉరికి వస్తోంది. చెక్కముక్కలు ఆమె మీదుగా, ఆమె పక్కలుగా ఎగురుతున్నాయి. యాకోబు ముందున్న అద్దం మీద దుమ్ము, దానికి అడ్డం ఇనుప జాలి. అతనికి ఆమె కనబడటం లేదు.

సుమిత్రమ్మకు అది తెలిసినట్టుంది. నిలబడి, మెడ ఎత్తి, మేకల్ని పిలిచే కూత పెట్టింది. వాటికి ఆ కూత వినబడిందో, ఆమె ఉరకడం చూసే వచ్చాయో, ఒడ్డు మీది నుంచి నలభై మేకలూ గుంపుగా దిగివచ్చి మిషన్ పక్క నుంచి చెల్లాచెదురుగా దూకాయి. తెల్లమచ్చల పోతు ఒకటి అద్దానికి ఎదురుగా వచ్చి నిలబడింది.

మిషన్ గట్టిగా కుదుపు ఇచ్చి ఆగింది. డ్రమ్ము మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. యాకోబు దాన్ని నేలకు ఆనించాడు. అది మట్టిని చీల్చి, రాళ్లు చిమ్మి, ఊళ వేసి, చాలాసేపటికి ఆగింది. ఆఖరున ఎగిరిన ఒక చెక్క సుమిత్రమ్మ పిక్కలో దిగింది. ఆమె కూర్చుండిపోయింది.

ఏం జరిగిందో తెలియకపోయినా యాకోబు ముందుగా మిషన్‌ను వెనక్కి తీశాడు. అది వెనక్కి జరగగానే, ఇంతకుముందు నిలబడిన చోటికి మూడు మూరల అవతల నేల కంపతో సహా కిందికి జారింది. మట్టి పెళ్లలు నీళ్లలో పడ్డ చప్పుడు కొంచెం ఆలస్యంగా పైకి వచ్చింది.

*

యాకోబు దిగి వచ్చి బావిని చూశాడు. తర్వాత నేల మీద కూర్చున్నాడు.  మల్లేశ్వర్ వచ్చి మంచినీళ్ల సీసా అందించాడు.

"ఈడ గుడ్డలు లేవేంది చెల్లె?" అన్నాడు యాకోబు.

నాగరాణి తల్లి కాలికి తువాల చుడుతోంది. నోరు తెరిచేలోపే సుమిత్రమ్మ అన్నది.

"నేనే ఇప్పిన. తుమ్మలకు గట్ట గుడ్డలు సాలలే. బాయి ఎవలకు ఎరుక లేదు? అందరికెరుకే గదా అనుకున్న. నువ్వు ఈ ఊరోనివి గాదన్నది నా మతికి రాలే కొడుకా. మిషన్ ఇటు మలిగినంక మతికొచ్చింది."

"నేను నీ మేకలకు పగోన్ని గాదు పెద్దమ్మా" అన్నాడు యాకోబు. అతని గొంతు పెద్దగా లేదు. నాగరాణి వైపు తిరిగాడు. "పొద్దుగాల నేను అడిగిన. నువ్వే కట్టిన అన్నవు."

"అబద్ధం చెప్పిన అన్నా."

"నాకిద్దరు ఆడిపిల్లలు" అని లేచి అవతలికి నడిచిపోయాడు.

వికారాబాద్ ఆస్పత్రిలో సుమిత్రమ్మ పిక్కకు ఎనిమిది కుట్లు పడ్డాయి. చెక్క వేలెడు పొడుగున్నది. తీస్తున్నంతసేపూ ఆమె ఒకే మాట అడుగుతూ ఉంది, మేకల్ని ఎవరు మలుపుతున్నారని. సాయంత్రం ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. అరవలేదు. "రేపటి సంది నువ్వు రాకమ్మ" అని పెట్టేశాడు.

తర్వాతి రెండు రోజులూ నాగరాణి ఇంట్లో ఎక్కడా కూర్చోలేకపోయింది. మేకల్ని రోడ్డు పక్క వేపచెట్ల కిందికి తోలుకుపోయి, కొమ్మలు విరిచి వేసి, అవి తింటుంటే ఒడ్డు మీద అటూ ఇటూ నడిచేది. మిషన్ మోత కోసం చెవి అటే ఉండేది. మోత రాలేదు. ప్రేమ్‌సాగర్ ఊళ్లో ఇంకెవరినో పంపించాడట. అతను గట్టు మీద నిలబడి చేత్తో గాలిలో చూపించి పోయాడట. పొలం చూపించే మనిషి ముందు నడిస్తే తప్ప డ్రమ్ము లేపనని యాకోబు మిషన్ నీడలోనే పడుకున్నాడని మల్లేశ్వర్ చెప్పాడు.

మూడో రోజు పొద్దున యాకోబే వాళ్లింటికి వచ్చాడు. సుమిత్రమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉంది. నాగరాణి కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఆడ ఇంకేమన్న ఉన్నయా?"

ఆమె కప్పు దిక్కు చూసింది. "చెప్తే మొత్తం కొట్టేస్తవు. చెప్పకుంటే నువ్వు వడ్తవు."

"అవు. గంతే ఉన్నది ముచ్చట."

 దొడ్డిలో ఒక మేకపిల్ల తల్లి కోసం అరుస్తోంది.

"ఇప్పచెట్టుకు పడమట పాతర ఉన్నది" అన్నది సుమిత్రమ్మ. "ఎనుకట జొన్నలు వోసి దాసేటోళ్లు. ఇద్దరు మనుషులు నిలవడేంత లోతు. మీద బండ పలుక ఏసిన్రు. మట్టి గప్పుకపోయింది. పలుక పగిలి ఉంటది."

యాకోబు ముఖం మారింది. "శనివారం దాని పక్క నుంచే కొట్టుకుంట పోయిన."

నాగరాణి తల్లినే చూస్తోంది. పాతర మాట ఆమె జన్మలో వినలేదు. గుడ్డలు కట్టడానికి ఇప్పచెట్టు చుట్టూ ఆమె ఎన్నిసార్లు తిరిగిందో!

"నాకెందుకు చెప్పలే అవ్వా? మిషన్ కంటె ముందు నడిసింది నేను. నేను వడితే?"

"నీకంత ఎరుకే అంటివి..." సుమిత్రమ్మ గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. "దినాం అనుకున్న బిడ్డా. దినాం చెప్తమనుకున్న. ఆ మిషన్ మోత ఇనవడంగనే నోరు రాలే. ఒడ్డు మీద నిలవడి నీ అడుగులే చూసిన. నువ్వు ఆ దిక్కు పోయినప్పుడల్ల నా పానం పోయింది."

మూడు రోజులు మేకల్ని మలుపుకుని తల్లి ఒడ్డు మీద నిలబడి ఎందుకు చూసిందో నాగరాణికి అప్పుడు తెలిసింది. కోపం రావాలని ఆమె ఎదురుచూసింది. రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని తల్లి కుట్ల కాలిని ఒళ్లోకి తీసుకుంది.

యాకోబు గడప దగ్గర గొంతు సవరించుకున్నాడు. "చెల్లె నువ్వు రా. ప్రేమ్‌సాగర్‌తోని నేను మాట్లాడ్త. ఇంగో, పెద్దమ్మా, ఎగువ దిక్కు రాళ్లున్నయ్. ఆడ నా మిషన్ పండ్లు ఊసిపోతయ్. అది ఆఖరుకే చేస్త. వారం వడ్తది. అంతకంటె నా చేతిల లేదు."

*

వారం కాదు, తొమ్మిది రోజులు పట్టింది. పాతర చుట్టూ ముళ్లకంప పేర్చి, మోటబావి చుట్టూ సేటు చేత ఇనుప కంచె వేయించాక గాని యాకోబు దిగువ భాగం ముట్టలేదు. ప్రేమ్‌సాగర్ వచ్చినప్పుడల్లా నాగరాణితో నేరుగా మాట్లాడకుండా యాకోబుతో చెప్పించేవాడు. ఆ తొమ్మిది రోజులూ మేకలు ఎగువ తుమ్మల కింద కాయలు ఏరుకున్నాయి. తర్వాత ఆ వరస కూడా పొట్టయింది. మిరుగం వచ్చింది, వాన రాలేదు. పద్నాలుగెకరాలూ గోధుమరంగు పరుపులా ఎండకు ఎండుతూ పడి ఉన్నాయి. మేకల డొక్కలు లోపలికి పోయాయి.

తాండూరు కింద కాగ్నా నది ఒడ్డున తుమ్మ అడవిలా ఉందని, దాన్ని ఎవరూ కొట్టేది లేదని యాకోబు ఒకసారి మాటవరసకు అన్నాడు. సుమిత్రమ్మ అది మరిచిపోలేదు. కుట్లు విప్పిన నాలుగో రోజు గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, దొడ్డి తలుపు తీసింది.

"ఈ కాలుతోనా?" అన్నాడు మల్లేశ్వర్.

"మేకలకు కాళ్లు మంచిగనే ఉన్నయ్ గదా" అన్నది ఆమె.

నాగరాణి వెంట బయలుదేరింది. నాలుగు రోజుల నడక. ఎండ ఎక్కకముందు నడిచేవాళ్లు. మధ్యాహ్నం ఏ చెట్టు దొరికితే దాని కింద ఆగేవాళ్లు. సుమిత్రమ్మ కుంటుతూనే ముందు నడిచేది. నాగరాణి వెనక నుంచి తోలేది. మాటలు తక్కువ. ఒకచోట తల్లి ఆగి, ఎర్రమట్టి అయిపోయి నల్లరేగడి మొదలైందని కర్రతో చూపించింది. ఇంకొకచోట, ఏ మేక ఎట్లా దగ్గితే ఏమి జబ్బో చెప్పింది. కూతురు అడగలేదు, అయినా చెప్పింది. అట్లా చెబుతూనే ఉంది.

యాలాల్ దాటి కాగ్నా ఒడ్డు చేరేసరికి యాకోబు భార్య జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు మూటగట్టుకుని ఎదురొచ్చింది. ఆమె పుట్టిల్లు కర్ణాటక వైపు. "ఊట మాడ్రి" అని, మళ్లీ "తినుండ్రి" అని ఇద్దరి చేతుల్లో పెట్టింది. మేకలు అప్పటికే తుమ్మల్లోకి దూరిపోయాయి.

మరునాడు నాగరాణి తాండూరులో వికారాబాద్ బస్సెక్కింది. సీట్లు ఖాళీగానే ఉన్నా కూర్చోబుద్ధి కాక డోర్ దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. తల్లిని వదిలి వచ్చినందుకో, వచ్చి ఎక్కడికి పోవాలో తెలియకో, లోపల ఒకటే పీకులాట. ధారూరు దాటుతుండగా ప్రేమ్‌సాగర్ ఫోన్ వచ్చింది. పనికి రావొద్దని ఆ సాయంత్రం పెట్టేశాక అతను నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"నవాబుపేట దిక్కు తొమ్మిదెకరాలున్నది. మస్తు కంప. యాకోబు నువ్వుంటెనే వస్త అంటున్నడు. రేపు మిషన్ దించుతున్న."

"రేపు గాదు సార్. ఆ పొలం నాకెరుక లేదు. ముందుగాల ఆడ మేపుకునేటోళ్లు ఎవలో వాళ్లింటికి పోయి కూసోవాలె. రెండు దినాలు గావాలె."

"రెండు దినాలా? మిషన్ ఉత్తగ నిలవడ్తదా?"

"నిలవడాలె సార్."

అతను ఫోన్ పెట్టేశాడు. పని ఉన్నట్టో పోయినట్టో ఆమెకు తెలియలేదు. వికారాబాద్ బస్టాండులో దిగి కాసేపు నిలబడింది. మోమిన్‌పేట బస్సు ఒకవైపు, నవాబుపేట బస్సు ఒకవైపు ఉన్నాయి. నవాబుపేట బస్సు ముందు కదులుతుంటే ఉరికి ఎక్కింది. కండక్టర్ ఏ ఊరని అడిగితే, దిగాల్సిన పల్లె పేరు కూడా తనకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

"నవాబుపేట దాంక ఇయ్యన్నా" అన్నది. "ఆడ దిగి అడుగుత."